జారడానికి కట్టిన గుంత

ముప్పై ఏళ్లకు పైగా పార్కులు గీశాను. ఆ మాట చెబితే మా బంధువులు ఇప్పటికీ తెల్లమొహం వేస్తారు. కొందరు నేను మొక్కలు అమ్ముతాననుకున్నారు. ఒక పెళ్లిలో మా పిన్ని ఎవరికో నన్ను తోటల శాఖలో పెద్ద ఆఫీసరునని పరిచయం చేసి, వాళ్ల అబ్బాయికి ఉద్యోగం ఇప్పిస్తానని మాట కూడా ఇచ్చేసింది. నేను చేసింది అదేమీ కాదు. ఒక ఖాళీ స్థలం చూపిస్తే దారి ఎటు వెయ్యాలి, నీడ ఎక్కడ పడాలి, బెంచీ ఎక్కడుండాలి, వాన నీళ్లు ఎటు పోవాలి అన్నది ఆలోచించి కాగితం మీద పెట్టడం నా పని. అది ఎవరైనా కట్టాక వెళ్లి చూసి, ఇలా గీశానేమిటి చెప్మా అనుకోవడం కూడా అందులో భాగమే.

రిటైరయ్యాక మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అనుభవాలు రాయమని వెంటపడ్డారు. ఫైళ్ల గురించి, ప్రమోషన్ల గురించి రాయను. ఆ గోల ఎలాగూ మీ నెత్తిన పడుతుంది, అప్పుడు మీరే నేర్చుకుంటారు. నాకు ఈ వృత్తి నేర్పింది ఒక మడత కుర్చీ, ఒక గుంత. వాటి గురించి చెబుతాను.

మడత కుర్చీ

నా మొదటి బాసు రంగనాథం గారు. సైటుకు వెళ్లేటప్పుడు అందరూ టేపు పట్టుకెళతారు, ఆయన కుర్చీ పట్టుకెళ్లేవారు. గుడ్డ సీటున్న మడత కుర్చీ. పొద్దున్నే స్థలం మధ్యలో వేసుకుని కూర్చుని, చీకటి పడేదాకా లేచేవారు కాదు. కొత్తగా చేరిన నాకు అది శుద్ధ బద్ధకంలా కనిపించేది.

మియాపూర్‌లో ఒక కాలనీ పార్కు నా చేతికొచ్చిన మొదటి పని. అప్పటికి అక్కడ మెట్రో లేదు, బస్సు డిపో ఉండేది. నేను పడీ పడీ వంపులు తిరిగే దారి ఒకటి గీశాను. కాగితం మీద చూస్తే ముగ్గులా ఉండేది. కట్టిన నెలలోపే జనం ఆ వంపుల్ని పట్టించుకోకుండా గడ్డి మీదుగా అడ్డంగా నడిచి బస్సుకు పోవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్లు మండి, గడ్డి చుట్టూ ముళ్లకంచె వేయించాలన్నాను. రంగనాథం గారు కుర్చీ నా చేతిలో పెట్టి, రేపంతా అక్కడ కూర్చోమన్నారు.

కూర్చున్నాను. టిఫిన్ క్యారియర్ పట్టుకుని పరుగులాంటి నడకతో పోయే ఆడవాళ్లు, స్కూలు బ్యాగు ఊపుకుంటూ పోయే పిల్లలు, ఒక చేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటూ పోయే మగవాళ్లు. వీళ్లలో ఎవరికీ నా ముగ్గు మీద నడిచేంత తీరిక లేదు. సాయంత్రానికి నా కోపం చల్లారింది. తర్వాత వాళ్లు తొక్కిన చోటే రాళ్లు పరిచి దారి చేశాం. కంచె వేయించి ఉంటే జనం దాన్ని కూడా దాటేవాళ్లే, కాకపోతే చీరలు చిరిగేవి.

రంగనాథం గారి చూపు గొప్పది గానీ నీళ్ల సంగతి ఆయనకు బొత్తిగా పట్టేది కాదు. ఆయన గీసిన పార్కుల్లో వానాకాలమంతా కప్పలు కాపురం పెట్టేవి. మంచి బాసు అంటే అన్నీ తెలిసినవాడని అనుకోకండి. ఒక్క విషయం బాగా తెలిసినవాడు దొరికినా అదృష్టమే, మిగిలినవి వేరేచోట నేర్చుకోవచ్చు. ఆయన రిటైరైనప్పుడు ఆ కుర్చీ నాకిచ్చారు. గుడ్డ రెండుసార్లు మార్పించాను.

రాదు, రాదు, రాదు

మన పార్కు గేటు దగ్గరుండే బోర్డు ఎప్పుడైనా నిదానంగా చదవండి. గడ్డి తొక్కరాదు. పూలు కోయరాదు. బంతి ఆడరాదు. సైకిల్ తేరాదు. తినుబండారాలు తినరాదు. ఇన్ని రాదుల తర్వాత మిగిలేది నడవడం ఒక్కటే, అది కూడా గడియారం ముల్లు తిరిగే వైపే నడవాలి. చిన్న పిల్లలకు ఉయ్యాల, పెద్దవాళ్లకు బెంచీ ఇస్తాం. పద్నాలుగేళ్ల నుంచి పాతికేళ్ల దాకా ఉన్నవాళ్లను మాత్రం దొంగల్లా చూస్తాం. ఇలాంటి పార్కులు నేనే ఎన్నో గీశాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఉద్యోగం చివరి రోజుల్లో నల్లగండ్లలో మా ఇంటికి దగ్గరలోనే ఒక పార్కు చేశాను. దానికి నల్లరాతి బెంచీలు పెట్టించాను, అంచులు అద్దంలా నున్నగా వచ్చాయి. కొద్ది నెలలకే అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షుడు సుబ్బారావు గారి నుంచి ఫోను వచ్చింది. ఆయన బ్యాంకులో రిటైరైన మనిషి, మా తణుకు వైపు వారే, ఎంత కోపంలోనైనా అండీ వదలరు. ఎవరో పిల్లలు చక్రాల చెక్కలేసుకొచ్చి బెంచీల అంచులన్నీ గీకేస్తున్నారని, వాటి మీద ఇనుప బొడిపెలు కొట్టిస్తే పీడా పోతుందని ఆయన అన్నారు. ఇనుప బొడిపెల మీద రేపు మీరెలా కూర్చుంటారండీ అని అడిగాను. ఆ సంగతి మీరే చూడాలండీ అని ఆయన ఫోను పెట్టేశారు.

కుర్చీ తీసుకుని వెళ్లాను. సాయంత్రం అయిదు దాటాక ఒక్కొక్కరే వచ్చారు. మెడలో ఆఫీసు కార్డుతోనే వచ్చిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు కొందరు, ఇంటర్ చదివేవాళ్లు కొందరు, వాళ్ల మధ్య ఒకే ఒక్క అమ్మాయి. నన్ను చూసి చెక్కలు చంకలో పెట్టుకుని పోబోయారు, తరమడానికి వచ్చాననుకున్నారు. ఆడుకోండి, చూడ్డానికే వచ్చాను అన్నా నమ్మలేదు. చివరికి ఆ అమ్మాయే ముందుకొచ్చింది. పేరు మౌనిక. డిగ్రీ చదువుతోంది, నల్లగండ్ల పాత ఊళ్లో ఉంటుంది. వాళ్లది మహబూబ్‌నగర్ వైపు. వాళ్ల నాన్న చంద్రయ్య నీళ్ల ట్యాంకరు నడుపుతాడు, అమ్మ అపార్ట్‌మెంట్లలో పనిచేస్తుంది. అక్కడ ఒక ఫ్లాటువాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చిన స్కేట్‌బోర్డు మౌనికది.

ఊళ్లో ఇంత స్థలం ఉండగా నా బెంచీలే దొరికాయా అని అడిగాను.

"బెంచీ మీద ప్రేమ గాదు మేడం. గింత నున్నటి జాగ ఇంకేడ లేదు" అంది.

నాకు నవ్వొచ్చింది. నా పనిని అంతలా మెచ్చుకున్నవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. తర్వాత ఆ అమ్మాయి బోర్డెక్కింది. పార్కు దారి మీద గాలిలా వచ్చి, బెంచీ అంచు మీదకు ఎగిరి, బర్రున గీసుకుంటూ పోయి అవతల దిగింది. రెండోసారి పడింది. లేచి, మోచెయ్యి తుడుచుకుని, మళ్లీ మొదటికి నడిచింది. నేను ఆ రోజు చీకటి పడేదాకా కూర్చున్నాను.

సజ్జ మీది బోర్డు

బొడిపెలు కొట్టించలేదు గానీ సంఘం వాళ్లు ఊరుకోలేదు, వాచ్‌మన్‌ను పెట్టి సాయంత్రాలు గేటు మూయించారు. పిల్లలు సర్వీసు రోడ్డుకు పోయారు. అది కంకర మోసే టిప్పర్లు తిరిగే రోడ్డు. ఒకరోజు మౌనిక అక్కడ పడింది. వెనక వస్తున్న టిప్పరు బ్రేకు కొట్టి, ఆమెకు కొద్ది దూరంలో ఆగింది. ఆ టిప్పరు వెనకే ట్యాంకరులో వస్తున్నది ఆమె తండ్రి చంద్రయ్య.

ఆయన దిగి, కూతుర్ని ట్యాంకరు ఎక్కించుకుని ఇంటికి తీసుకుపోయాడట. బోర్డు సజ్జ మీద పెట్టాడు. మళ్లీ రోడ్డు మీద కనిపిస్తే విరగ్గొడతానన్నాడు. సరైన జాగా అంటూ ఉంటే అప్పుడు చూద్దామన్నాడు. మౌనిక ఇదంతా నాకు చాలా మామూలుగా చెప్పింది. ఆ తర్వాత కూడా సర్వీసు రోడ్డుకు వచ్చేది, వట్టి చేతులతో. మిగతావాళ్లు ఆడుతుంటే పక్కన గోడ మీద కూర్చుని చూసేది.

ఆ అమ్మాయి అలా కూర్చోవడం నేను చూడలేకపోయాను. అసలు సంగతి అదే. ఈ పిల్లల ఆటకు వేరే ఒక స్కేట్ పార్కు కట్టించాలని తిరిగిన రోజుల్లో యువత ఆరోగ్యం, ప్రజా స్థలాలు అని మీటింగుల్లో పెద్ద పెద్ద మాటలు చెప్పాను. అవన్నీ నిజమే గానీ, నన్ను తిప్పింది మాత్రం ఆ సజ్జ మీద ఉన్న బోర్డు.

మోడలు మహిమ

మా పార్కు వెనక మూల ఎవరూ వెళ్లని చోటు ఒకటుంది. ఇళ్లు కూల్చిన మట్టి, విరిగిన టైల్సు తెచ్చి పోసేవాళ్లు. అక్కడ కడదామన్నాను. ఒక కంపెనీ ఖర్చు పెట్టుకుంటానంది. మున్సిపాలిటీ వాళ్లు కాలనీ, ఊరూ ఒప్పుకుంటే తమకేం అభ్యంతరం లేదన్నారు. కాలనీ, ఊరూ ఒప్పుకోవడం అంటే ఏమిటో మీకింకా తెలియదు, తెలుస్తుంది.

మొదటి మీటింగులో బయటి పిల్లలు వస్తారన్నారు. రెండో మీటింగులో చప్పుడన్నారు. మూడో దాంట్లో ఒక డాక్టరుగారు మోకాళ్ల గురించి గంటసేపు మాట్లాడి, చివర్లో తన కొడుకుని చేర్చుకుంటారా అని అడిగారు. మీటింగుల్లో నేను నేర్చుకున్నది ఒకటే, అడ్డం చెప్పేవాళ్లకు ఎదురు వాదించకూడదు. వాళ్లకు టీ ఇచ్చి, వాళ్ల ఇంట్లో ఆ వయసు పిల్లలు సాయంత్రం ఎక్కడుంటారో అడగాలి. ఎక్కువ మంది దగ్గర సమాధానం ఉండదు.

చివరి మీటింగుకు మోడలు చేయించాను. ఈ పని చేసిపెట్టే మనిషి మాదాపూర్‌లో ఉన్నాడు. అతను బతుకంతా అపార్ట్‌మెంట్ వెంచర్ల మోడళ్లే చేశాడు. ఏ వెంచర్లోనైనా నేలలో గుంత కనిపించిందంటే అది స్విమ్మింగ్ పూలే, కాబట్టి గుంత అంటే నీలం రంగు. నా స్కేట్ గుంతకు కూడా అలవాటుగా నీలం వేసేశాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది, ఇప్పుడు మార్చమనడం ఎందుకులే అని తెచ్చి బల్ల మీద పెట్టాను.

ఆ మీటింగుకు యాదగిరి మొదటిసారి వచ్చాడు. ఊరి మనిషి. ఆ చుట్టుపక్కల పొలాలున్న కుటుంబం, ఇప్పుడు రెండు జేసీబీలున్నాయి. బస్తీలో గణేశ్ ఉత్సవాలు చేసేది ఆయనే, ఆయన అవునంటే ఊరు అవునన్నట్టే. వెనక నిలబడి చాలాసేపు మోడల్ని చూశాడు. దగ్గరికొచ్చి ఆ నీలం గుంత లోతెంత అని అడిగాడు. చెప్పాను. ఒక మనిషి లోతు కన్నా కొంచెం ఎక్కువ. ఇంకోసారి చూసి తల ఊపాడు.

"మంచిగున్నది మేడం. ఇసొంటిదే గావాలె మా ఊరికి. కట్టుండ్రి" అన్నాడు.

అంతటితో ఊరు ఒప్పుకుంది. ఊరు ఒప్పుకున్నాక సుబ్బారావు గారు కూడా సరేనండీ అన్నారు. ఆ రాత్రి నా గీతల గొప్పతనం గురించి మా ఆయనకు చాలాసేపు చెప్పాను. ఆయన మధ్యలోనే నిద్రపోయారు, అదే మంచిదైంది.

మేస్త్రి అలవాటు

స్కేట్ గుంత అంటే నేలలో కట్టిన పెద్ద మూకుడు అనుకోండి. ఒకవైపు నుంచి జారితే ఆ ఊపుతోనే అవతలి గోడ ఎక్కాలి. ఎక్కడా మూల ఉండకూడదు, గీత ఉండకూడదు. పై అంచుకు ఇనుప గొట్టం. అడుగున వాన నీళ్లు పోవడానికి తూము. ఆ నీళ్లు ఇంకడానికి పక్కనే ఒక పెద్ద ఇంకుడు గుంత, దాని మీద సిమెంటు పలక. రంగనాథం గారి కప్పల్ని చూసిన తర్వాత నీళ్ల దగ్గర నేను రాజీపడలేదు.

వంపు పోతపోయడం కష్టమే గానీ, నిజమైన కష్టం ఆఖరి పూత దగ్గర వచ్చింది. మా మేస్త్రి చెయ్యి మంచిది. సాయంత్రానికి అద్దంలా నునుపు చేసి, నేను టీ తాగి వచ్చేసరికి దాని మీద చీపురుతో గీతలు లాగడం మొదలుపెట్టాడు. అరిచినంత పని చేశాను. ఆయనకు అర్థం కాలేదు. వాలు ఉన్నచోట గీతలు లాగకపోతే జనం జారిపడి తనను తిడతారని ఆయన బాధ. ర్యాంపులు, మెట్లు, బాత్రూములు, జీవితమంతా ఆయన చేసింది జనం జారకుండా చూడటమే. ఆలోచిస్తే నేను చేసింది కూడా అదే. ఇద్దరం ఆ తడి సిమెంటు ముందు నిలబడి, ఇది జారడానికే కట్టింది అని ఒకరికొకరు చెప్పుకున్నాం. ఆయన గీతలు చెరిపి మళ్లీ నునుపు చేశాడు. పోతూ పోతూ కూడా, ఎవరన్నా పడితే నా పేరు చెప్పొద్దు మేడం అన్నాడు.

పోత ఆరకుండా గోడల మీద తడి గోతాలు పరిచి, అడుగున మోకాలి లోతు నీళ్లు నిలబెట్టాం. ఆ రోజుల్లో ఊళ్లోవాళ్లు గుంపులుగా వచ్చి చూసి పోయేవాళ్లు. కొందరు ఆడవాళ్లు నీళ్లకు దణ్ణం కూడా పెట్టారు. పాపం, ఊరికి కొత్త కట్టడం వస్తే ఎంత భక్తి అనుకున్నాను. కుర్చీ వేసుకుని రోజంతా చూసినా, చూసింది బుర్రకెక్కని రోజులు కూడా ఉంటాయి.

నీళ్లు ఎందుకు తీసిండ్రు

వినాయక చవితి వెళ్లిన రెండో రోజు, గుంత బాగా గట్టిపడిందని నీళ్లు తీయించి కడిగించాను. మౌనికకు కబురు పంపాను. ఇది రోడ్డు కాదు కాబట్టి ఆమె తల్లి సజ్జ మీది బోర్డు దింపి ఇచ్చిందట, తండ్రికి తర్వాత చెప్పుకోవచ్చని. ఆ సాయంత్రం ఆమె ఆ గుంతలో జారుతుంటే ఆ ఇనుప గొట్టం మీద కూర్చుని చూశాను. నా బతుకులో నేను గీసిన ఏ గీత మీదా ఎవరూ అంత సంతోషంగా ఉండగా చూడలేదు.

మర్నాడు పొద్దున్నే యాదగిరి ఫోను. గొంతులో కంగారు.

"ఏంది మేడం, నీళ్లు ఎందుకు తీసిండ్రు? నిమజ్జనం దగ్గరికొస్తున్నది."

అప్పుడు తెలిసింది. ఆ నీలం గుంతను ఊరంతా నిమజ్జనం కొలను అనుకుంది. చక్రాల చెక్కలాట కూడా ఉంటుందని వాళ్లు విన్నారు గానీ, అది నీళ్లు లేనప్పుడు పిల్లలేదో ఆడుకుంటారనుకున్నారు. ఏటా బస్తీ గణపతిని లారీ ఎక్కించి, ట్రాఫిక్‌లో గంటలు గంటలు పడి చెరువుకు తీసుకుపోవాలి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఇళ్లలోనే ఉండిపోతారు. ఈసారి ఇంటి దగ్గరే చేస్తామని యాదగిరి బస్తీకంతా మాటిచ్చేశాడు. అందరికన్నా ముందు వాళ్లమ్మకు ఇచ్చాడు. ఆమెకు నడక తగ్గి చాలా ఏళ్లయింది, నిమజ్జనం చూసి కూడా అన్నేళ్లయింది.

సుబ్బారావు గారు ఒక్క రోజే కదండీ అన్నారు. కానీ ఒక్క రోజు చాలు. మట్టి అడుగున పేరుకుంటుంది, విగ్రహం లోపలి కర్రలు, మేకులు దిగుతాయి, తర్వాత వాటిని పారలతో గీకి తీస్తారు. ఆ నునుపు పోతే ఇక దాని మీద చక్రం పోదు. మళ్లీ పూయించడానికి ఏ కంపెనీ రాదు. మౌనిక బోర్డు మళ్లీ సజ్జ ఎక్కుతుంది, ఈసారి దిగదు. ఈ సంగతి యాదగిరికి చెప్పడానికి రెండు రోజులు ఆయన ఇంటి చుట్టూ తిరిగాను. ఆయన మర్యాదగా టీ ఇచ్చి, దేవుడి పనికి అడ్డం రావద్దు మేడం అని పంపించేశాడు. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. మోడలు చూపించింది నేనే కదా.

ట్యాంకరు

నిమజ్జనానికి నాలుగైదు రోజులుందనగా, ముందే నింపి పెడదామని యాదగిరి ట్యాంకరు చెప్పాడు. వచ్చింది చంద్రయ్య. ఉత్సవ కమిటీలో ఆయన కూడా ఉన్నాడు, దేవుడి పని కదా అని మొదటి ట్యాంకరు తనే తెచ్చాడు. నేను వెళ్లేసరికి లావుపాటి పైపు గుంతలోకి వేలాడుతోంది. యాదగిరి, సుబ్బారావు గారు గట్టు మీదున్నారు. మౌనిక బోర్డు పట్టుకుని ట్యాంకరుకు ఎదురుగా నిలబడింది. చంద్రయ్య కళ్లు ఆ బోర్డు మీదే ఉన్నాయి.

తండ్రీ కూతుళ్ల మధ్య నా డ్రాయింగులు ఏం పనికొస్తాయి? మౌనిక గొంతు పెంచలేదు.

"జర ఆగు నాయినా. ఒక్కపారి చూడు. చూసినంక నింపు" అంది.

గుంతలోకి దిగింది. ఆయన కూతురు ఆడటం అంతకుముందు ఒక్కసారే చూశాడు, టిప్పరు ముందు పడ్డ రోజు. ఇప్పుడామె ఈ గోడ మీంచి జారి అడుగు దాటి ఆ గోడెక్కింది, అంచు దగ్గర మలుపు తిరిగి మళ్లీ కిందికొచ్చింది. మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు వదులుగా పెట్టి, ఎక్కడా తడబడకుండా తిరుగుతూనే ఉంది. చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చంద్రయ్య వాల్వు మీద పెట్టిన చెయ్యి తీయడం మరిచిపోయాడు. చివరికామె ఆయన కాళ్ల దగ్గర అంచు మీదకొచ్చి ఆగింది.

"భయమైతలేదా బిడ్డా?" అని అడిగాడు.

"రోడ్డు మీద అయితుండె నాయినా. ఈడ కాదు."

ఆయన వాల్వు మీది చెయ్యి తీశాడు. తర్వాత పైపు పైకి లాగి చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. యాదగిరి వైపు చూడకుండానే, అన్నా, ఈడ నేను నీళ్లు పొయ్యలేను, దేవునికి ఇంకో జాగ చూద్దాం అన్నాడు.

యాదగిరికి కోపం రాలేదు, అదే కష్టమైంది. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. మా అమ్మకు ఏం చెప్పాలె అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

ఆయన కూర్చున్న చోటికి వెనక, నా ఇంకుడు గుంత నోరు తెరుచుకుని ఉంది. పలక ఇంకా పోయలేదు, చుట్టూ ఇనుప కడ్డీలు నిలబడి ఉన్నాయి. వాన నీళ్లు చేరడానికే తవ్వింది, మట్టి చేరినా తర్వాత తోడి తీసేయొచ్చు. ఇన్నాళ్లూ రోజూ దాని పక్కనుంచే నడిచాను. మీ గణపతి ఎంత ఎత్తు అని యాదగిరిని అడిగాను. చేత్తో చూపించాడు, నా భుజం దాకా. మట్టి విగ్రహమే.

"మీ జేసీబీ ఖాళీగా ఉందా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, వెనక్కి తిరిగి గుంతను చూశాడు. లేచి ఫోను తీశాడు.

ఆ మూడు నాలుగు రోజులు నా ఉద్యోగం మొత్తంలో చాలా మంచి రోజులు. జేసీబీ ఇంకుడు గుంతను రెండింతలు చేసింది. ఒకవైపు వాలుగా తవ్వించి షాబాద్ బండలు మెట్లుగా పరిపించాను. ఆ మెట్ల మీద మేస్త్రి ఎంతో తృప్తిగా, ఎవరూ జారకుండా గీతలు కొట్టాడు. మిగతా మూడు పక్కలా కమ్మీలు పాతాం. నీళ్లు ఇంకిపోతున్న కొద్దీ చంద్రయ్యే మళ్లీ మళ్లీ తెచ్చి పోశాడు. స్కేట్ గుంత చుట్టూ ఉన్న గట్టు జనం కూర్చోవడానికి బ్రహ్మాండంగా పనికొచ్చింది, ఆ వాడకం నేను గీయలేదు.

నిమజ్జనం రోజు సూర్యుడు దిగేవేళకు డప్పులతో ఊరంతా వచ్చింది. యాదగిరి వాళ్లమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఆమెకు కూర్చోడానికి సరైన ఆసరా లేదని నా మడత కుర్చీ తెచ్చి మెట్ల పక్కన వేశాను. గణపతి మెట్లు దిగి నీళ్లలోకి పోతుంటే ఆమె లేవబోయింది, యాదగిరి ఒక చేత్తో పట్టుకుని నిలబెట్టాడు. ఆమె ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి, సుబ్బారావు గారు మాత్రం దుమ్ము పడిందండీ అన్నారు.

మీరు గీసేదాన్ని జనం తమకు కావలసినదానిలాగే చూస్తారు. అది మీ తప్పూ కాదు, వాళ్ల తప్పూ కాదు. వాళ్లేం చూస్తున్నారో పోత పోయకముందే అడిగి తెలుసుకోండి. తెలుసుకోలేకపోతే, పక్కన కొంత స్థలం పలక వేయకుండా ఉంచండి. మోడలు చేయిస్తే రంగు మీరే దగ్గరుండి వేయించండి.

మర్నాడు పొద్దున్నే కుర్చీ తెచ్చుకోవడానికి వెళ్లాను. గట్టంతా మట్టి అడుగులు, పూల రేకులు. ఆ మట్టంతా స్కేట్ గుంతలోకి కూడా పడి ఉంటుందని భయపడుతూ పోయాను. గుంత కడిగినట్టుంది. అడుగున చంద్రయ్య ఉన్నాడు. లుంగీ ఎగ్గట్టి, చీపురు పక్కన పెట్టి, చెప్పుల్లేకుండా గోడ వాలు మీద మెల్లగా అటూ ఇటూ నడుస్తున్నాడు. అడుగడుక్కీ అరికాలితో తడుముతున్నాడు. ఏమిటిది చంద్రయ్యా అన్నాను.

"చిన్న రాయి తగిల్నా చక్రం ఆగిపోతదంట మేడం. బిడ్డ చెప్పింది. ఊడ్సినంక గూడ ఉంటయని సూస్తున్న" అన్నాడు.

అంటూనే ఇంకొంచెం పైకెక్కబోయాడు. నునుపు మీద కాలు జారి, సర్రున గుంత అడుగుదాకా జారి కూలబడ్డాడు. దెబ్బేమీ తగల్లేదు. అక్కడే కూర్చుని ఒక్క క్షణం తను జారొచ్చిన గోడ వైపు చూశాడు. తర్వాత ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, లేచి, మళ్లీ పైదాకా ఎక్కి, ఈసారి కావాలనే జారాడు. నేను చూడనట్టు అటు తిరిగి, కుర్చీ విప్పుకుని కూర్చున్నాను.